దేవుడు లేడన్నా సరే, యేసు అనకు

యూదుడిగా బతకడానికి దేవుణ్ణి నమ్మి తీరాలన్న రూలేమీ లేదు. అమెరికాలోని యూదుల్ని ప్యూ పరిశోధన సంస్థ 2013లో ఇదే అడిగింది. దేవుడు లేడనేవాడు యూదుడిగా చెల్లుతాడా? నిక్షేపంగా చెల్లుతాడని 68 శాతం మంది అన్నారు. విశ్రాంతిదినాన పనికి పోయేవాడో? దానికేం భాగ్యం అని 94 శాతం మంది అన్నారు. సీనాయి కొండ మీద ఉరుములు మెరుపుల మధ్య దిగివచ్చిన పది ఆజ్ఞల్లో రెండు ఇలా చడీ చప్పుడూ లేకుండా మాఫీ అయిపోయాయి. యేసే మెస్సీయ అని నమ్మేవాడి మాటేమిటని అడిగేసరికి మాత్రం, సరేనన్నవాళ్లు 34 శాతానికి దిగిపోయారు.

అంతెందుకు, బ్రూక్లిన్ కేంద్రంగా లుబావిచ్ అనే సనాతన యూదు సంప్రదాయాన్ని నలభై ఏళ్లకు పైగా నడిపిన మెనాహెమ్ మెండెల్ ష్నీర్‌సన్ 1994లో కాలం చేశాడు. ఆయనే మెస్సీయ అనీ, మళ్లీ వస్తాడనీ నమ్మే శిష్యులు ఆ తర్వాతా ఉన్నారు. చనిపోయిన గురువు తిరిగొస్తాడన్న మాట ఎక్కడో విన్నట్టుంది కదూ? డేవిడ్ బెర్గర్ అనే రబ్బీకి కూడా అలాగే అనిపించింది. ఆయన చరిత్రకారుడు కూడా. 2001లో దీని మీద పుస్తకమే రాసి, సాటి సనాతన రబ్బీలు ఎందుకు కిమ్మనడం లేదని నిలదీశాడు. అయినా ఆ శిష్యుల యూదత్వానికి ఏ ఢోకా రాలేదు. మెస్సీయ చనిపోయి మళ్లీ వస్తాడంటే తప్పులేదన్నమాట. బేత్లెహేములో మాత్రం పుట్టి ఉండకూడదు.

నవ్వొస్తుంది. వచ్చినా కాసేపు ఆపుకోవాలి. ఎందుకంటే యేసు పేరు యూదుల వాకిట్లోకి ఒంటరిగా వచ్చిన రోజులు తక్కువ. 1096లో రైన్ నది ఒడ్డున వర్మ్స్, మైంజ్ పట్టణాల్లోకి క్రూసేడర్ల కత్తుల వెంట వచ్చింది. 1391లో స్పెయిన్ వీధుల్లోకి గుంపుల వెంట వచ్చి, బాప్తిస్మమో చావో తేల్చుకోమంది. 1492లో అదే స్పెయిన్‌లో రాజాజ్ఞ రూపంలో వచ్చి, బాప్తిస్మమో దేశం విడిచిపోవడమో తేల్చుకోమంది. 1858లో ఇటలీలోని బొలోన్యాలో పోప్‌గారి పోలీసుల వెంట వచ్చింది.

ఆ బొలోన్యా కథ కాస్త వినండి. ఎడ్గార్డో మోర్తారా అప్పటికి ఆరేళ్లవాడు. పసిగుడ్డుగా ఉన్నప్పుడు జబ్బు చేస్తే, ఎక్కడ పోతాడోనని ఇంట్లో పనిమనిషి చాటుగా నాలుగు నీటి చుక్కలు చల్లి బాప్తిస్మం ఇచ్చేసిందట. ఆ చుక్కలతో పిల్లవాడు క్రైస్తవుడైపోయాడు. క్రైస్తవుణ్ణి యూదులు పెంచకూడదని పోప్ రాజ్యంలో చట్టం. పోలీసులు వచ్చి పిల్లవాణ్ణి తల్లిదండ్రుల దగ్గర్నుంచి లాక్కుపోయారు. తొమ్మిదో పయస్ పోప్ తన బిడ్డలా చూసుకున్నాడు. పిల్లవాడు పెద్దయి ఫాదర్ అయ్యాడు, 1940 మార్చిలో బెల్జియంలో లీజ్ దగ్గర ఒక మఠంలో 88వ ఏట పోయాడు. మరో రెండు నెలలకు జర్మన్ సైన్యం బెల్జియంలోకి దిగింది. ఇంకొంచెం బతికి ఉంటే, నాజీల న్యూరెంబర్గ్ చట్టాల లెక్కన ఫాదర్‌గారు పదహారణాల యూదుడు. ఒక పోప్ తన రాజ్యం పరువంతా పణంగా పెట్టి కాపాడిన ఆ నాలుగు నీటి చుక్కల్ని హిట్లర్ గుమాస్తా అసలు లెక్కలోకే తీసుకోడు.

కాబట్టి గాయం నిజం. దాన్ని వెక్కిరించడం నా పని కాదు. ఆ గాయానికి ఒక గుమాస్తాను కుదిర్చి, చేతికి రబ్బరు స్టాంపు ఇచ్చి, కౌంటరు తెరిస్తే ఏం జరుగుతుందో అది మాత్రం చెప్పి తీరాలి.

ఓస్వాల్డ్ రుఫైజెన్ 1922లో పోలండ్‌లో యూదు దంపతులకు పుట్టాడు. కుర్రతనంలోనే జయోనిస్టు. 1941 చివర్లో, ఇప్పటి బెలారుస్‌లో ఉన్న మీర్ అనే చిన్న ఊరు చేరి, తాను యూదుణ్ణన్న సంగతి దాచిపెట్టి జర్మన్ పోలీసుల దగ్గర దుబాసీగా కుదిరాడు. పైకి వాళ్ల మాటలు అనువదించడం, లోపల్లోపల యూదుల్ని నిర్బంధించిన ఘెట్టోకు ఆయుధాలు చేరవేయడం. 1942 ఆగస్టులో ఘెట్టోను తుడిచిపెట్టే తేదీ చెవిన పడగానే లోపలికి కబురంపాడు. సుమారు 300 మంది అడవుల్లోకి తప్పించుకున్నారు. గుట్టు రట్టయ్యాక తానూ పారిపోయి కన్యాస్త్రీల మఠంలో తలదాచుకున్నాడు. అక్కడే బాప్తిస్మం పుచ్చుకున్నాడు. యుద్ధం అయ్యాక కార్మెలైట్ సన్యాసి అయి, బ్రదర్ డానియేల్ అనిపించుకున్నాడు. 1959లో ఇజ్రాయెల్‌లోని హైఫా వచ్చి కార్మెల్ కొండ మీద స్టెల్లా మారిస్ మఠంలో చేరాడు. ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టుకున్నాడు: జాతి యూదు, మతం కేథలిక్, యూదులకు తిరిగొచ్చే హక్కు ఇచ్చిన 1950 నాటి చట్టం కింద నాకూ పౌరసత్వం ఇప్పించగలరు.

కుదరదన్నారు. ఆయన సుప్రీం కోర్టుకెక్కాడు. 1962 డిసెంబరులో తీర్పు వచ్చింది. ఐదుగురు న్యాయమూర్తుల్లో నలుగురు కుదరదనే అన్నారు.

తీర్పులో అసలు రుచి కుదరదనడంలో లేదు, దానికి చెప్పిన కారణంలో ఉంది. జస్టిస్ మోషే సిల్బర్గ్ ముందుగా ఈ మనిషికి యూదు జాతి ఎంత రుణపడి ఉందో ఒప్పుకున్నాడు. తర్వాత ధర్మశాస్త్రం తిరగేశాడు. యూదుడు ఎంత తప్పుదారి పట్టినా యూదుడే అన్నది రబ్బీల పాత మాట. ఆ లెక్కన డానియేల్ యూదుడే. అంతా చూసి, ఆ శాస్త్రాన్ని మూసి పక్కన పెట్టాడు. ఇది లౌకిక చట్టం, ఇందులో యూదుడంటే మామూలు జనం ఎవరిననుకుంటారో వాడే, కేథలిక్ సన్యాసిని మామూలు జనం యూదుడనుకోరు అని తేల్చాడు. ఒకసారి ఆగి నెమరేసుకోండి. నువ్వు మతం మార్చినా మావాడివేనని మతశాస్త్రం అంటుంది. మతశాస్త్రంతో నాకు పనిలేదన్న చట్టం మాత్రం, నీ మతం చూసి నిన్ను గేటు బయట పెడుతుంది.

ఐదో న్యాయమూర్తి హైమ్ కోన్. మనస్ఫూర్తిగా నేను యూదుణ్ణంటూ వచ్చినవాడి మాట చాలు, తలుపు తీయండి అన్నాడు. ఆయన మాట చెల్లలేదు. తర్వాతి రోజుల్లో ఇదే కోన్ యేసు విచారణ మీద, మరణం మీద పెద్ద పుస్తకం రాశాడు. కొత్త కేసులో నెగ్గలేక పాత ఫైలు తెరిచినట్టున్నాడు పాపం.

డానియేల్‌కు చివరికి పౌరసత్వం వచ్చింది, మామూలు పరదేశులు తెచ్చుకునే పద్ధతిలో. మీర్‌లో జర్మన్ల చేతిలోంచి తప్పించుకోకపోయి ఉంటే ఈయన యూదుడా కాదా అన్న ధర్మసందేహం ఎవడికీ వచ్చేది కాదు, ఒక్క తూటాతో తేలిపోయేది. అక్కడ ప్రాణం మీదికి తెచ్చిన పుట్టుక హైఫాలో ఒక కాగితానికి కూడా పనికిరాలేదు. ఆయన మాత్రం ఎవరినీ తిట్టుకోలేదు. హీబ్రూలో పూజ చేసే చిన్న కేథలిక్ సంఘాన్ని నడుపుకుంటూ 1998లో హైఫాలోనే కన్నుమూశాడు.

అంతటితో ఊరుకుంటే సర్కారు ఎందుకవుతుంది? 1970లో చట్టాన్ని సవరించారు. యూదు తల్లికి పుట్టినవాడు గానీ యూదుమతం పుచ్చుకున్నవాడు గానీ యూదుడు, అయితే వేరే మతంలో ఉండకూడదు. అదే కలంతో ఇంకో వెసులుబాటు కూడా రాశారు. యూదుడి కొడుకులు, కూతుళ్లు, మనవలు, మనవరాళ్లు, వాళ్ల మొగుళ్లు, పెళ్లాలు కూడా రావచ్చు. వాళ్లు యూదులు కాకపోయినా ఫర్వాలేదు. యూదుడై పుట్టి, ఇష్టపడి మతం మార్చుకున్నవాడికి మాత్రం ప్రవేశం లేదు.

1989లో మెస్సియానిక్ యూదు దంపతుల కేసు తేలింది. మేం యూదులం, యేసును నమ్ముతాం, ఇది వేరే మతం కాదు అన్నారు వాళ్లు. వేరే మతమేనంది కోర్టు. 2008లో ఇంకొందరు వచ్చారు. వీళ్లూ యేసును నమ్మేవాళ్లే, కాకపోతే వీళ్లకు యూదత్వం తండ్రి వైపు నుంచి వచ్చింది. తల్లి యూదురాలు కానప్పుడు శాస్త్రప్రకారం బిడ్డ యూదుడు కాడు. ఎన్నడూ యూదుడు కానివాడు యూదుమతాన్ని వదిలేశాడని ఎలా అంటాం? రండి లోపలికి అంది కోర్టు.

ఇప్పుడు ఒకే తాతకు మనవలైన ఇద్దరు బావాబామ్మర్దుల్ని ఊహించుకోండి. ఇద్దరిదీ ఒకే సంఘం, ఒకే పాటల పుస్తకం, ఒకే యేసు. ఒకడు కూతురి కొడుకు, ఒకడు కొడుకు కొడుకు. కూతురి కొడుకు కౌంటరు ముందు నిలబడ్డాడు.

"మీ అమ్మగారు?"

"యూదురాలండి."

"అయ్యయ్యో, ఎంత పనైంది! నాన్నగారు యూదుడై, అమ్మగారు ఏ స్వీడన్ ఆవిడో అయ్యుంటే బాగుండేది."

"మా మేనమామ అదే చేశాడండి."

"అందుకే వాళ్లబ్బాయికి నిన్ననే స్టాంపు కొట్టేశాం."

అసలైన యూదుడు కాబట్టి బయటికి, యూదుడు కాదు కాబట్టి లోపలికి. యూదులు తిరిగి రావడానికి రాసుకున్న చట్టం ఇది. నేను కల్పించింది ఆ గుమాస్తా మాటలే, రూలు వాళ్లదే.

ఈ కౌంటరు చూసి నవ్వుకుంటూ చర్చివాళ్లు ఇంటికి పోదామనుకుంటే కుదరదు. వాళ్ల కౌంటరు ఇంతకన్నా పాతది, ఇంతకన్నా కంపుది. కత్తి చూపించి స్పెయిన్ యూదుల్ని బాప్తిస్మంలో ముంచారా? ముంచిన రెండు తరాలకు, 1449లో, టొలేడో నగరం ఒక శాసనం చేసింది: యూదుల నుంచి వచ్చిన క్రైస్తవులకు నగరంలో పదవులు లేవు. నీళ్లు ఆత్మను కడుగుతాయి గానీ రక్తాన్ని కడగవని కనిపెట్టారన్నమాట. రమ్మన్నదీ వాళ్లే, వచ్చాక నువ్వు మావాడివి కాదన్నదీ వాళ్లే.

ఇగ్నేషియస్ లయోలా పెట్టిన యేసు సభ, అంటే మన ఊళ్లలో పెద్ద పెద్ద కాలేజీలు నడిపే జెసూట్లు, మొదట్లో ఈ పట్టింపు లేకుండానే సాగింది. లయోలా తర్వాత సభకు పెద్దయిన డియేగో లాయినెజ్ యూదు మూలాలున్న ఇంటివాడు. అలాంటి సభ 1593లో యూదు వంశీకులకు ప్రవేశం లేదని తీర్మానించింది. 1608లో కాస్త మెత్తబడి, ఐదు తరాల దాకా చూస్తే చాల్లెమ్మంది. తీర్మానం పూర్తిగా ఎత్తేసింది 1946లో, ఆష్విట్జ్ పొయ్యిలు ఆరిపోయాక. మూడున్నర శతాబ్దాల పాటు యేసు సభలో చేరడానికి ఏ అర్హతా లేనివాడు యేసు ఒక్కడే అనుకోకండి, ఆయన పన్నెండు మంది శిష్యులకూ సీట్లు లేవు. యేసుకైతే అబద్ధమాడే వీలు కూడా లేదు. మత్తయి అబ్రాహాము దాకా వంశావళి రాసి మొదటి పేజీలోనే పెట్టేశాడు.

ప్రొటెస్టెంట్ల గొప్ప వేరే లేదు. యేసు యూదుడుగానే పుట్టాడని, వాళ్లతో మంచిగా ఉంటే మనలో కలుస్తారని 1523లో లూథర్ పుస్తకం రాశాడు. ఇరవై ఏళ్లు చూశాడు. ఎవరూ కదలలేదు. 1543లో వాళ్ల సమాజమందిరాలు తగలబెట్టండని ఇంకో పుస్తకం రాశాడు. ప్రేమకు గడువు తేదీ ఉంటుందని ఆయనే మొదట చెప్పాడేమో. ఆ లూథర్ దేశంలో 1941 డిసెంబరు 17న ఏడు ప్రాంతీయ సంఘాలు ఒక ప్రకటన చేశాయి: బాప్తిస్మం జాతిని మార్చదు, కాబట్టి బాప్తిస్మం పొందిన యూదులకు మా సంఘంలో చోటు లేదు. క్రిస్మస్ ఇంకా ఎనిమిది రోజులు. పశువుల తొట్టిలో పడుకోబెట్టే యూదు బిడ్డను మరి ఏం చేస్తారు?

దానికీ ఏర్పాటు ముందే అయిపోయింది. జర్మన్ చర్చి బతుకులోంచి యూదు వాసన పోగొట్టడానికి 1939లో ఐజెనాఖ్ పట్టణంలో ఒక పరిశోధన సంస్థనే తెరిచారు. వాల్టర్ గ్రుండ్‌మన్ అనే ప్రొఫెసర్ దానికి పెద్ద. యేసు గలిలయవాడే గానీ బహుశా యూదుడు కాడని 1940లో ఆయన పుస్తకం తెచ్చాడు. యూదు గుర్తులు చెరిపేసిన కొత్త నిబంధనను ఆ సంస్థ అచ్చు వేసింది. యేసును నమ్మినవాడు యూదుడేనా అని మిగతా లోకం తల బద్దలు కొట్టుకుంటుంటే, జర్మన్ ప్రొఫెసర్లు ఒక అడుగు ముందుకేసి యేసు కుల ధ్రువపత్రాన్నే రద్దు చేశారు.

ఇక అమెరికా. అక్కడ కౌంటరు ఉండదు, దుకాణం ఉంటుంది. బాప్టిస్టు పాస్టరు మోయిషే రోజెన్ 1973లో జూస్ ఫర్ జీసస్ అనే సంస్థ పెట్టి, పేరునే బోర్డు చేసి వీధుల్లో కరపత్రాలు పంచించాడు. పుట్టుకతో ఆయన యూదుడే, నమ్మకంలో ఆయనకు అనుమానం లేదు, నాకూ లేదు. నా గొడవ సరుకుతో కాదు, సరుకు చుట్టిన కాగితంతో. కొన్ని బాప్టిస్టు సంఘాలు డబ్బిచ్చి, పాస్టరుకు రబ్బీ అని పేరు పెట్టి, ప్రార్థన శాలువా కప్పి, నువ్వు ఏమీ మారనక్కర్లేదు నాయనా అని యూదు కుర్రాడికి చెప్పడం సువార్త అయితే, ఇల్లమ్మేటప్పుడు అప్పు సంగతి దాచిపెట్టడం కూడా సువార్తే.

ఈ శాలువా ఎంతకు తెగిస్తుందో 2018లో కనబడింది. అక్టోబరు 27 శనివారం పిట్స్‌బర్గ్‌లో సమాజమందిరంలో ప్రార్థనకు చేరిన యూదుల్ని ఒకడు కాల్చాడు, 11 మంది పోయారు. రెండు రోజులకు మిషిగన్‌లో ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్ ఎన్నికల సభ. నివాళి ప్రార్థనకు వేదిక మీదికి ఒక రబ్బీని పిలిచారు. తీరా చూస్తే మెస్సియానిక్ రబ్బీ. యేసు పేరున ప్రార్థించాడు. రిపబ్లికన్ అభ్యర్థుల పేర్లు ఎత్తి దీవించాడు. చనిపోయిన పదకొండు మందిలో ఒక్కరి పేరూ నోట రాలేదు. మిషిగన్‌లో రబ్బీలకు కరువా? లేదు. వేదికకు కావలసింది యూదుడిలా కనబడుతూ మన పాట పాడేవాడు. శనివారం చావు వాళ్లది, సోమవారం మైకు మనది.

వీటన్నిటి మధ్య నలిగేది ఒక మామూలు మనిషి. శుక్రవారం పొద్దుగూకేవేళ దీపం పెట్టుకుంటాడు, పస్కాకు పులియని రొట్టె తింటాడు, యేసును నమ్ముకుంటాడు, ఎవరి జోలికీ పోడు. వాణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు, అందరూ వాడి గురించి మాట్లాడారు. జెరోము భక్తుడు అగస్టీనుకు రాసిన ఉత్తరంలో ఇలాంటివాళ్లను, యూదులూ కావాలనుకుని క్రైస్తవులూ కావాలనుకుని రెండూ కాలేకపోయినవాళ్లని తేల్చేశాడు. మన భాషలో అయితే రెంటికీ చెడ్డ రేవడి. రేవడిని చెడగొట్టింది ఎవరన్నది మాత్రం ఆయన రాయలేదు.

తమాషా ఏమిటంటే, మొదట్లో ఈ తగువు తలకిందులుగా ఉండేది. యెరూషలేములో పేతురు, యాకోబు, పౌలు కూర్చుని పంచాయితీ పెట్టింది, యూదుడు యేసును నమ్మొచ్చా అని కాదు. అక్కడున్నవాళ్లంతా యూదులే, అంతా నమ్మినవాళ్లే. సున్నతి లేని అన్యజనుడు, యూదుడు కాకుండానే యేసును నమ్మొచ్చా అన్నది అప్పటి ప్రశ్న. పెద్ద మనసు చేసుకుని సరే రానివ్వండన్నారు. వచ్చినవాళ్లు కాస్త కుదురుకోగానే ఇంటివాళ్లను బయటికి నెట్టి తలుపేసుకున్నారు. 325లో నైసియా సభ నాటికి ఈస్టరు పండుగ యూదుల పస్కా లెక్కన చేయడం కూడా నామోషీ అయిపోయింది.

మనకెందుకీ గొడవ అంటారా? ఇజ్రాయెల్ తన చట్టం చేసింది 1950 జులై 5న. ఐదు వారాలకు, ఆగస్టు 10న, ఢిల్లీలో రాష్ట్రపతి ఉత్తర్వు ఒకటి వెలువడింది. హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులస్థుడు కాడు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని అందులో కలిపారు. దేవుడు లేడనే దళితుడి ధ్రువపత్రం ఎవరూ అడిగి లాక్కోరు. యేసు పేరెత్తితే రద్దు. అదే మనిషికి ఊళ్లో విడి గ్లాసు పెట్టే హోటలువాడు మాత్రం బాప్తిస్మం రసీదు అడగడు, వెనకటి గ్లాసే ఇస్తాడు. అందుకే మన పల్లెల్లో కొందరికి ఆదివారం చర్చిలో ఒక పేరు, సోమవారం ఎమ్మార్వో ఆఫీసులో ఇంకో పేరు. వాళ్లది మోసం అనేవాళ్లు ముందు ఆ గ్లాసు సంగతి తేల్చాలి.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో ఒక చిన్న సమాజమందిరం ఉంది. బెనె ఎఫ్రాయిమ్ అంటారు వాళ్లను. మాదిగ కుటుంబాల్లో పుట్టి, బాప్టిస్టు చర్చిల్లో పెరిగి, మేం తప్పిపోయిన ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయీము సంతతివాళ్లమని చెప్పుకుని యేసును పక్కన పెట్టేశారు. శనివారం విశ్రాంతిదినం పాటిస్తారు, హీబ్రూ నేర్చుకుంటారు. యులియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు 2013లో వాళ్ల మీద పుస్తకమే రాశారు. డానియేల్‌కు తల్లి ఉంది, యేసు అడ్డమొచ్చాడు. వీళ్లు ఆ అడ్డం తామే తీసేసుకుని అదే కౌంటరు ముందు నిలబడితే, మరి తల్లి ఎవరని అడిగారు. అష్షూరు రాజు ఎఫ్రాయీము గోత్రాన్ని చెరపట్టుకుపోయి 2,700 ఏళ్లు దాటింది. అప్పటి ఎమ్మార్వో సంతకం పెట్టిన కాగితం ఒకటి దొరికితే ఫైలు కదులుతుంది.